కటకం గుట్టు విప్పిన హాస్టల్ విద్యార్థి – జోహన్నెస్ కెప్లర్



కెప్లర్ పేరు వినని ఇంటర్మీడియట్ సైన్స్ విద్యార్థి ఉండడు. గ్రహాలు సూర్యుని చుట్టూ దీర్ఘవృత్తాకార కక్ష్యల్లో తిరుగుతాయన్న మొదటి నియమం దగ్గర నుంచి మూడో నియమం వరకు పరీక్షల కోసం మనమంతా కంఠస్థం చేసినవాళ్లమే. అయితే కాంతి పాఠంలో స్కేలు, పెన్సిలు పట్టుకుని మనం గీసే కిరణ చిత్రాలకు కూడా ఆయనే మూలపురుషుడని చాలామందికి తెలియదు. కుంభాకార కటకం ప్రతిబింబాన్ని ఎలా ఏర్పరుస్తుంది, కళ్లద్దాలు ఎందుకు పనిచేస్తాయి, కంటిలో బొమ్మ ఎక్కడ పడుతుంది అన్న ప్రశ్నలకు మొట్టమొదట సరైన జవాబు చెప్పినవాడు కెప్లర్.

ఆయన కూడా మనలాగే ప్రభుత్వ ఖర్చుతో హాస్టల్‌లో ఉండి చదువుకున్నారు. పైగా ఆయనకు చూపు సరిగా ఉండేది కాదు. ఈ హాస్టల్ అన్నం తిని చదువుకుని, మా ఇంట్లో డిగ్రీ పట్టా అందుకున్న మొదటివాళ్లమై, ఇప్పుడు ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదువుతున్న మాకు, ఈ వార్షికోత్సవ సంచికకు ఎవరి జీవితం రాయాలా అనుకున్నప్పుడు కెప్లరే గుర్తుకు రావడంలో ఆశ్చర్యం లేదు.

బాల్యం

కెప్లర్ 1571 డిసెంబర్ 27న జర్మనీ నైరుతి భాగంలోని వైల్ డెర్ స్టాట్ అనే చిన్న పట్టణంలో నెలలు నిండకుండానే పుట్టారు. తండ్రి హైన్రిక్ కూలికి యుద్ధం చేసే సిపాయి. ఏ రాజు డబ్బు ఇస్తే ఆ రాజు తరఫున పోరాడడానికి వెళ్లిపోయేవాడు. కెప్లర్ యుక్తవయసుకు వచ్చేసరికి ఇల్లు వదిలి వెళ్లి మళ్లీ తిరిగి రాలేదు. తల్లి కాథరీనా పూటకూళ్ల ఇల్లు నడిపేవారి కూతురు. ఆకులు, వేర్లతో నాటుమందులు చేసి ఇచ్చేది.

పసితనంలోనే కెప్లర్‌కు మశూచి సోకింది. ప్రాణం దక్కింది గాని చేతులు వంకర పోయాయి, కంటిచూపు దెబ్బతింది. దూరాన ఉన్నవి మసకగా, ఒకటికి రెండు మూడుగా కనిపించేవి. ఆకాశాన్ని చదవబోయే మనిషికి ఇంతకంటే పెద్ద అడ్డంకి ఏముంటుంది? అయినా 1577లో పెద్ద తోకచుక్క కనిపించినప్పుడు తల్లి ఆ ఆరేళ్ల పిల్లవాడిని చేయి పట్టుకుని ఎత్తయిన చోటికి తీసుకెళ్లి చూపించింది. ఆ జ్ఞాపకం ఆయనలో జీవితాంతం నిలిచిపోయింది.

ఇంట్లో జరుగుబాటు కష్టంగా ఉన్నప్పుడు పిల్లవాడిని బడి మాన్పించి పొలం పనికి పంపేవారు. అందువల్ల మూడేళ్లలో ముగియాల్సిన చదువుకు ఐదేళ్లు పట్టింది. వేరుశనగ పీకే రోజుల్లో, పత్తి తీసే రోజుల్లో బడి మానిన మన పిల్లలకు ఈ లెక్క వివరించి చెప్పనక్కర్లేదు.

హాస్టల్ జీవితం

ఆ ప్రాంతాన్ని వుర్టెంబర్గ్ ప్రభువులు పాలించేవారు. పేద ఇళ్లలో పుట్టిన తెలివైన పిల్లలను ప్రభుత్వ ఖర్చుతో చదివించే ఏర్పాటు వారి రాజ్యంలో ఉండేది. పాత మఠాలనే పాఠశాలలుగా, వసతిగృహాలుగా మార్చారు. కెప్లర్ 1584లో ఆడెల్‌బర్గ్‌లోను, 1586లో మౌల్‌బ్రోన్‌లోను చేరారు. అక్కడి నుంచి 1589లో ట్యూబింగెన్ విశ్వవిద్యాలయానికి వెళ్లి, అక్కడ కూడా ప్రభుత్వ వసతిగృహంలోనే ఉన్నారు. తెల్లవారకముందే లేవాలి. ప్రార్థన చేయాలి. లాటిన్‌లోనే మాట్లాడాలి. తోటి విద్యార్థులతో గొడవలు కూడా బాగానే జరిగాయి. తనతో తగాదా పడినవారి పేర్లను పెద్దయ్యాక ఆయన వరుసగా రాసిపెట్టుకున్నారు కూడా! గొప్పవాళ్లకు హాస్టల్ తగాదాలు ఉండవనుకోవడం పొరపాటు.

ట్యూబింగెన్‌లో మైకేల్ మెస్ట్లిన్ అనే ఉపాధ్యాయుడు ఆయనకు దారి చూపారు. భూమి సూర్యుని చుట్టూ తిరుగుతుందన్న కోపర్నికస్ సిద్ధాంతాన్ని ఆయన దగ్గరే కెప్లర్ నేర్చుకున్నారు. మతబోధకుడు కావాలన్నది కెప్లర్ కోరిక. కాని చదువు పూర్తి కాకముందే 1594లో ఆస్ట్రియాలోని గ్రాజ్ పట్టణానికి గణితం మాస్టారుగా పంపారు. ఆయన పాఠానికి మొదటి ఏడాది వచ్చినవారు కొద్దిమంది, రెండో ఏడాది దాదాపు ఎవరూ రాలేదు. ఆయన నిరాశ పడక, దొరికిన తీరికలో గ్రహాల మీద తన మొదటి గ్రంథం రాసి 1596లో అచ్చు వేయించారు.

చిన్న రంధ్రం – పెద్ద ప్రశ్న

వేపచెట్టు కింద మధ్యాహ్నం పూట నేల మీద పడే ఎండ బిళ్లలను గమనించారా? ఆకుల మధ్య సందులు ఏ ఆకారంలో ఉన్నా నేల మీద పడే వెలుగు గుండ్రంగానే ఉంటుంది. ఎందుకు? ఇది అరిస్టాటిల్ కాలం నుంచి ఉన్న ప్రశ్న. 2019 డిసెంబర్ 26న మన జిల్లాల్లో పాక్షిక సూర్యగ్రహణం కనిపించింది. అటువంటి రోజున అదే చెట్టు కింద చూస్తే ఆ బిళ్లలు నెలవంకల్లా మారిపోతాయి. అంటే అవి ఉత్త వెలుగు మచ్చలు కావు, సూర్యుని బొమ్మలు.

1600 జూలైలో గ్రాజ్ సంతవీధిలో కెప్లర్ ఒక చిన్న రంధ్రం గుండా సూర్యగ్రహణాన్ని తెర మీద పట్టి కొలిచారు. ఇలా కొలిచినప్పుడు చంద్రుడు ఉండాల్సిన దానికంటే చిన్నగా కనబడుతున్నాడని అప్పటికే టైకో బ్రాహి అనే గొప్ప ఖగోళ శాస్త్రజ్ఞుడు గుర్తించారు. దీనికి కారణం వెతకడానికి కెప్లర్ చేసిన ప్రయోగానికి ల్యాబ్ అక్కర్లేదు. ఒక పుస్తకాన్ని ఎత్తులో పెట్టారు. దాని కింద బల్లలో అనేక మూలలున్న రంధ్రం చేశారు. పుస్తకం అంచుకు ఒక దారం కట్టి, రంధ్రం అంచుల వెంబడి దాన్ని లాగి, నేలను తాకిన చోటల్లా గుర్తు పెట్టారు. ఒక్కో బిందువు నుంచి వచ్చిన దారం నేల మీద రంధ్రం ఆకారాన్ని గీసింది. కాని పుస్తకం అంచున ఉన్న బిందువులన్నింటి నుంచి గీసేసరికి ఆ రంధ్రపు ఆకారాలన్నీ కలిసి పుస్తకం ఆకారంగా మారాయి. దారం అంటే కాంతి కిరణమే. గ్రహణ సమయంలో వెలుగు బొమ్మ అంచులు రంధ్రం వెడల్పు మేరకు పెరుగుతాయి. అందుకే చంద్రుని నీడ ఆ మేరకు తరిగి కనిపిస్తుంది. చిక్కుముడి విడిపోయింది.

ఈలోగా మతకలహాల వల్ల ప్రొటెస్టెంటు అయిన కెప్లర్‌ను గ్రాజ్ నుంచి వెళ్లగొట్టారు. భార్యాపిల్లలతో ప్రాగ్ చేరి టైకో దగ్గర సహాయకుడిగా కుదిరారు. 1601 అక్టోబర్‌లో టైకో మరణించగా చక్రవర్తి ఆస్థాన గణిత శాస్త్రజ్ఞుని పదవి కెప్లర్‌కు దక్కింది. పదవి గొప్పదే గాని జీతం మాత్రం సక్రమంగా వచ్చేది కాదు.

కన్ను గుట్టు

కళ్లద్దాలు కెప్లర్‌కు 300 ఏళ్ల ముందే ఇటలీలో తయారయ్యాయి. జనం వాటిని కొంటున్నారు, పెట్టుకుంటున్నారు. అవి ఎలా పనిచేస్తున్నాయో మాత్రం ఎవరికీ తెలియదు! కంటి నుంచే కిరణాలు బయలుదేరి వస్తువును తాకుతాయని ప్రాచీన గ్రీకుల్లో కొందరు నమ్మారు. కాదు, కాంతే కంటిలోకి వస్తుందని 11వ శతాబ్దంలో అరబ్బు పండితుడు ఇబ్న్ అల్ హైతమ్ నిరూపించారు. కాని కంటి కటకమే చూసే అవయవమని ఆయన కూడా అనుకున్నారు. చూసేది రెటీనా అని 1583లో స్విట్జర్లాండ్ వైద్యుడు ఫెలిక్స్ ప్లాటర్ రాశారు. కాంతి అక్కడికి వెళ్లి ఏం చేస్తుందో లెక్కగట్టి చూపినవాడు కెప్లర్. 1604లో ఆయన అచ్చు వేసిన గ్రంథంలో ఆ వివరమంతా ఉంది.

ఆయన చెప్పింది ఇది. వస్తువు మీది ప్రతి బిందువు నుంచి కాంతి అన్ని వైపులకూ వెళ్తుంది. అందులో కొంత భాగం శంకువులాగా విచ్చుకుంటూ వచ్చి కనుపాప మీద పడుతుంది. కంటి ముందు భాగం, కటకం కలిసి ఆ కిరణాలను వంచి మళ్లీ ఒకే బిందువు దగ్గరకు చేరుస్తాయి. ఆ బిందువు రెటీనా మీద ఉంటే స్పష్టంగా కనిపిస్తుంది. రెటీనాకు ముందే కిరణాలు కలిసిపోతే దూరపు వస్తువు మసకబారుతుంది. అదే హ్రస్వదృష్టి. దీనికి కిరణాలను కాస్త విడదీసే పుటాకార కటకం కావాలి. కిరణాలు కలవకముందే రెటీనా అడ్డం వస్తే దగ్గరి వస్తువు మసకబారుతుంది. దీనికి కుంభాకార కటకం కావాలి. 300 ఏళ్ల కళ్లద్దాల రహస్యం ఇలా తేలిపోయింది.

అయితే ఈ లెక్క ప్రకారం రెటీనా మీద బొమ్మ తలకిందులుగా పడాలి. అంతకుముందు ఈ ఫలితం దాకా వచ్చినవారు ఇదెలా సాధ్యమని భయపడి వెనక్కి తగ్గారు. కెప్లర్ తగ్గలేదు. లెక్క తలకిందులని చెబితే తలకిందులే అన్నారు. దాన్ని మనసు నిటారుగా ఎలా గ్రహిస్తుందన్నది వేరే ప్రశ్న అని, దాన్ని తరువాతివారికి వదిలిపెట్టారు. తనకు నచ్చిన జవాబు కోసం లెక్కను మార్చకపోవడంలోనే ఆయన గొప్పతనమంతా ఉంది.

నిజ ప్రతిబింబం, మిథ్యా ప్రతిబింబం

తెర మీద పట్టగలిగే బొమ్మకు ఒక పేరు, కంటికి మాత్రమే తోచే బొమ్మకు ఇంకో పేరు పెట్టి ఆ రెండింటినీ విడదీసింది కూడా కెప్లరే. మన పుస్తకాల్లో వీటినే నిజ ప్రతిబింబం, మిథ్యా ప్రతిబింబం అంటాం. పరీక్షల్లో ఎక్కువమంది తికమక పడేది ఇక్కడే కాబట్టి కొంచెం వివరంగా చెప్పుకుందాం.

10 సెంటీమీటర్ల నాభ్యంతరం ఉన్న భూతద్దం ఒకటి తీసుకోండి. కర్నూలు కొండారెడ్డి బురుజుకు ఎదురుగా కొంత దూరంలో నిలబడి, అద్దం వెనుక 10 సెంటీమీటర్ల దగ్గర తెల్ల కాగితం పట్టుకోండి. కాగితం మీద తలకిందులుగా చిన్న బురుజు కనిపిస్తుంది. అక్కడ కిరణాలు నిజంగా వచ్చి కలుస్తున్నాయి కాబట్టి అది నిజ ప్రతిబింబం. ఇప్పుడు గదిలోకి వచ్చి కొవ్వొత్తిని అద్దానికి 30 సెంటీమీటర్ల దూరంలో పెడితే బొమ్మ 15 సెంటీమీటర్ల దగ్గర సగం సైజులో పడుతుంది. 20 దగ్గర పెడితే 20 దగ్గరే సమాన సైజులో పడుతుంది. 10 కన్నా దగ్గరకు, అంటే నాభి లోపలికి, 5 సెంటీమీటర్ల దగ్గరకు తెస్తే కాగితాన్ని ఎంత జరిపినా బొమ్మ పడదు. కిరణాలు కలవడం లేదు, విడిపోతూనే వస్తున్నాయి. అప్పుడు అద్దంలోంచి కంటితో చూడండి. కొవ్వొత్తి రెట్టింపు సైజులో, నిటారుగా, 10 సెంటీమీటర్ల వెనుక ఉన్నట్లు కనిపిస్తుంది. విడిపోతున్న కిరణాలను కన్ను వెనక్కి పొడిగించి, అక్కడి నుంచి వచ్చాయని భావిస్తోంది. అదే మిథ్యా ప్రతిబింబం.

మిథ్య అన్నంత మాత్రాన అది అబద్ధమనీ, పనికిరానిదనీ అనుకోరాదు. మాతో చదివిన ఒక మిత్రుడు ఎప్పుడూ వెనుక బెంచీలో కూర్చునేవాడు. బోర్డు మీద 3 ఉంటే 8 అని రాసుకునేవాడు. మొద్దు అని పేరు పడిపోయింది. తొమ్మిదో తరగతిలో ఒక కంటి శిబిరానికి తీసుకెళ్తే మైనస్ 2.5 పవర్ అని తేలింది. అంటే 40 సెంటీమీటర్లు దాటిన ప్రతిదీ వాడికి మసకే. పుటాకార కటకం చేసిందల్లా దూరాన ఉన్న బోర్డుకు ఒక మిథ్యా ప్రతిబింబాన్ని 40 సెంటీమీటర్ల లోపు ఏర్పరచడం. వాడి కన్ను దాన్ని పట్టుకుని రెటీనా మీద నిజ ప్రతిబింబంగా మార్చుకుంది. వాడు మొద్దు కాదు. వాడికి కావాల్సింది ఒక జత కళ్లద్దాలు, అంతే.

మన అవ్వలు, జేజినాయనలు సోడాబుడ్డి కళ్లద్దాలు పెట్టుకోవడం చూసే ఉంటారు. శుక్లం ఆపరేషన్‌లో తెల్లబడిన కంటి కటకాన్ని తీసేసిన తరువాత ఆ పనిని బయట ఉన్న మందపాటి కుంభాకార కటకం చేసేది. కర్నూలు జిల్లాలో పుట్టిన కంటి వైద్యులు డాక్టర్ పెరుగు శివారెడ్డి హైదరాబాదు సరోజినీదేవి కంటి ఆసుపత్రిలో పనిచేస్తూ, పల్లెల్లో శిబిరాలు పెట్టి లెక్కలేనంతమందికి ఇటువంటి ఆపరేషన్లు చేశారు. 1977లో ఆయనకు పద్మభూషణ్ లభించింది. ఇప్పుడు కంటి లోపలే చిన్న కటకాన్ని అమరుస్తున్నారు గనుక సోడాబుడ్డి అద్దాలు కనుమరుగవుతున్నాయి. కటకం లోపల ఉన్నా బయట ఉన్నా సూత్రం మాత్రం కెప్లర్ చెప్పినదే.

దూరదర్శిని

1610లో గెలీలియో దూరదర్శినితో గురుగ్రహం చుట్టూ తిరిగే చంద్రులను కనుగొన్నానని పుస్తకం వేశారు. చాలామంది నమ్మలేదు. దూరదర్శిని చేతిలో లేకపోయినా గెలీలియోను బహిరంగంగా సమర్థించిన మొదటివారిలో కెప్లర్ ఒకరు. చివరకు కొలోన్ ప్రభువు దగ్గర ఉన్న దూరదర్శిని కొద్దిరోజులు అరువు దొరికితే, ఆగస్టు చివర, సెప్టెంబర్ మొదట్లో ఆ చంద్రులను స్వయంగా చూసి గెలీలియో మాట నిజమని ప్రకటించారు.

అంతటితో ఆగకుండా ఈ గొట్టం ఎలా పనిచేస్తోందో తేల్చడానికి కూర్చున్నారు. కొద్ది వారాల్లోనే కటకాల మీద ఒక పూర్తి గ్రంథం రాశారు. 1611లో అచ్చయిన ఆ గ్రంథం పేరు డయాప్ట్రిస్. వక్రీభవనానికి సరైన నియమం అప్పటికి కెప్లర్‌కు తెలియదు. 1621 ప్రాంతంలో గాని స్నెల్ దాన్ని కనుగొనలేదు. కెప్లర్ మాత్రం చిన్న కోణాలకు సరిపోయే ఉజ్జాయింపు సూత్రంతోనే ముందుకు సాగారు. పలుచని కటకాలకు ఆ ఉజ్జాయింపు చాలు. మనం ఈనాటికీ చేస్తున్నది అదే.

గెలీలియో గొట్టంలో ముందు కుంభాకార కటకం, కంటి దగ్గర పుటాకార కటకం ఉండేవి. కెప్లర్ రెండు కుంభాకార కటకాలతో కొత్త అమరిక చెప్పారు. మొదటి కటకం దూరపు వస్తువుకు తలకిందులైన నిజ ప్రతిబింబాన్ని గొట్టం లోపల ఏర్పరుస్తుంది. రెండో కటకం భూతద్దంలా దాన్ని పెద్ద మిథ్యా ప్రతిబింబంగా చూపిస్తుంది. బొమ్మ తలకిందులైనా ఆకాశంలో ఎక్కువ భాగం ఒకేసారి కనిపిస్తుంది. తన చేతులతో ఆ దూరదర్శినిని ఆయన తయారు చేయలేదు. తరువాత షైనర్ వంటివారు తయారు చేసి వాడారు. డిగ్రీ ప్రాక్టికల్స్‌లో స్పెక్ట్రోమీటరు దూరదర్శినిలో కళ్లు పెట్టి చూసే మనం కెప్లర్ అమరికలోంచే చూస్తున్నాం.

కష్టాల కడలి

ఆ గ్రంథం వెలువడిన 1611వ సంవత్సరమే ఆయనకు అతి దుఃఖమయమైనది. ఆరేళ్ల కొడుకు మశూచితో చనిపోయాడు. భార్య బార్బరా కూడా జ్వరంతో కన్నుమూసింది. కెప్లర్ 1612లో లింజ్ పట్టణానికి మారి, తరువాతి ఏడాది మళ్లీ పెళ్లి చేసుకున్నారు.

1615లో మరో పిడుగు పడింది. నాటుమందులు ఇచ్చే తల్లి మీద మంత్రగత్తె అని ఒక పొరుగామె నింద వేసింది. 1620లో ఆ ముసలితల్లిని బంధించి, సంకెళ్లు వేసి, 14 నెలలు చెరలో పెట్టారు. హింసించే పనిముట్లు చూపి ఒప్పుకోమని బెదిరించారు. కెప్లర్ పని మానుకుని, దూరప్రయాణం చేసి వచ్చి, ఒక్కో ఆరోపణకు ఒక్కో జవాబు రాసి వాదించారు. వ్యాధికి కారణం వ్యాధే గాని మంత్రం కాదని వివరించారు. 1621లో తల్లి విడుదలైంది. కొన్ని నెలలకే మరణించింది. చేతబడి చేశారన్న అనుమానంతో మనుషులను కొట్టి చంపిన వార్తలు మన తెలుగు పల్లెల నుంచి కూడా విన్నాం. చదువుకున్న కొడుకు ఇంటికి ఏం చేయగలడో కెప్లర్ నాలుగు వందల ఏళ్ల కిందటే చేసి చూపించారు.

ఇన్ని కష్టాల నడుమనే 1619లో మూడో నియమం ఉన్న గ్రంథం వెలువడింది. 1627లో గ్రహాల స్థానాలు తెలిపే పట్టికలను కొంతవరకు సొంత ఖర్చుతో అచ్చు వేయించారు. తనకు రావాల్సిన జీతం బాకీ అడగడానికి 1630లో గుర్రమెక్కి బయలుదేరి, రేగెన్స్‌బర్గ్‌లో జ్వరం వచ్చి, నవంబర్ 15న కన్నుమూశారు. అప్పటికి ఆయనకు రావాల్సిన బాకీ సుమారు 12,000 గుల్డెన్లు. యుద్ధాల్లో ఆయన సమాధి కూడా ఆనవాలు లేకుండా పోయింది.

కాని ఆయన లెక్క పోలేదు. 1631 నవంబర్‌లో బుధగ్రహం సూర్యబింబం మీదుగా వెళ్తుందని ఆయన ముందే రాసిపెట్టారు. నవంబర్ 7న పారిస్‌లో గస్సెండి అనే శాస్త్రజ్ఞుడు చీకటిగదిలో దూరదర్శిని గుండా సూర్యుని బొమ్మను తెల్ల కాగితం మీద పట్టారు. ఆ బొమ్మ మీద చిన్న నల్లచుక్కగా బుధుడు కదులుతూ కనిపించాడు. కెప్లర్ లెక్కించిన గ్రహం, కెప్లర్ వివరించిన నిజ ప్రతిబింబంలో కనిపించింది. చూడడానికి ఆయన మాత్రం లేరు. 2009లో అమెరికా అంతరిక్ష సంస్థ నాసా ఆయన పేరుతోనే పంపిన దూరదర్శిని 2018లో పని ముగించేలోగా ఇతర నక్షత్రాల చుట్టూ తిరిగే 2,600కు పైగా గ్రహాలను పట్టి ఇచ్చింది.

మనం నేర్చుకోవలసినది

మిత్రులారా! కెప్లర్ జీవితం నుంచి మేము గ్రహించినవి మూడు. ఒకటి, బడికి మధ్యలో ఆటంకాలు వచ్చినంత మాత్రాన చదువు ఆగిపోదు. రెండు, దారం, పుస్తకం, భూతద్దం ఉంటే చాలు, ఫిజిక్స్ మొదలుపెట్టవచ్చు. ల్యాబ్ లేదని కూర్చోవద్దు. మూడు, ఇది అన్నింటికంటే ముఖ్యం. ఎవరైనా బోర్డు సరిగా చూడలేకపోతున్నారంటే, తలనొప్పి అంటున్నారంటే, పుస్తకం ముక్కుకు ఆనించి చదువుతున్నారంటే వారిని మొద్దు అనకండి. వార్డెన్ గారికి చెప్పి కంటి పరీక్షకు తీసుకెళ్లండి. కళ్లద్దాలు పెట్టుకున్నవారిని ఎగతాళి చేయకండి. చెల్లెళ్లు కళ్లద్దాలు పెట్టుకుంటే పెళ్లి కాదని ఇంట్లో అంటే, వారికి ఈ కథ చెప్పండి.

చూపు సరిగా లేని ఒక హాస్టల్ పిల్లవాడు చూపు అంటే ఏమిటో లోకానికి చెప్పాడు. ఈ ఏడాది మన హాస్టల్‌లో చూపు సరిగా లేక వెనుకబడిన పిల్లవాడు ఒక్కడూ మిగలకూడదని కోరుకుంటూ, అందరికీ వార్షికోత్సవ శుభాకాంక్షలు తెలుపుతున్నాం.